ఆరో ట్యాంకు మట్టం

పొద్దున్న ఏడింటికి ట్యాంకు ఎక్కి నూనె మట్టం కొలవడం మా ఇంధన టెర్మినల్లో సుప్రభాతం. చలి ముప్పై ఉన్నా నలభై ఉన్నా అది ఆగదు. ఇక్కడ ముప్పై అంటే సున్నాకి కింద ముప్పై. నవంబరు నుంచి మార్చి దాకా సున్నాకి పైన సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి మైనస్ అనే మాటే వాడం.

కొలిచేవాడు టుండుప్. నలభై రెండు మెట్లెక్కి, మూత తెరిచి, ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి జారవిడుస్తాడు. గుండు అడుగుకి తగిలాక పైకి లాగి, తడి ఎంతవరకు ఉందో చూసి, కింద నిలబడ్డ నాకు వినపడేలా అరుస్తాడు. గుండుకి రాసిన ముద్ద రంగు మారితే అడుగున నీళ్ళు చేరాయని అర్థం.

"నాలుగో టేంకు! ఎనిమిది మీటర్ల పన్నెండు! అడుగున నీరు రెండంగుళాలు!"

ఈ అరుపు తెలుగులోనే. టుండుప్ లదాఖ్ కొండల్లో పుట్టినవాడే గాని, పన్నెండేళ్ళుగా మా మెస్సులో ఎర్రయ్య వండినది తింటున్నాడు. ఎర్రయ్యది శ్రీకాకుళం దగ్గర నరసన్నపేట. హిందీ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. ఉప్పు కావాలన్నా పప్పు కావాలన్నా తెలుగులోనే అడగమన్నాడు. దాంతో టుండుప్‌కి నరసన్నపేట తెలుగు పట్టుబడింది.

నా పేరు మరిడేశ్వరరావు. విశాఖపట్నంలో పదకొండేళ్ళు చెమటలు కక్కుతూ పెట్రోలు ట్యాంకుల మధ్య తిరిగి, చల్లటి చోటికి పంపమని అడిగి మరీ ఇక్కడికి బదిలీ చేయించుకున్నాను. కోరిక తీరింది. కనుమ దారి నవంబరులో మూసుకుంటే ఏప్రిల్ దాకా తెరుచుకోదు. ఆ అయిదు నెలలూ ఈ లోయలో దీపం వెలగాలన్నా, పొయ్యి మండాలన్నా, ఆస్పత్రి నడవాలన్నా మా ఎనిమిది ట్యాంకులే దిక్కు. మొదటి అయిదూ డీజిలు, ఆరోది కిరసనాయిలు, మిగిలిన రెండూ పెట్రోలు.

ఆ ఆరో ట్యాంకు గురించి చెప్పాలంటే ముందు ఖరుమ్ గురించి చెప్పాలి. మా టెర్మినల్ పక్కన పారే యాంగ్‌చు నది వెంట దిగువకి పద్నాలుగు కిలోమీటర్లు వెళితే ఖరుమ్ అనే ఊరు వస్తుంది. అరవై ఒక్క గడప. టుండుప్ తల్లీ భార్యా అక్కడే ఉంటారు. నదికి రెండు పక్కలా గోడ కట్టినట్టు కొండలు. వేసవిలో కొండ మీంచి మేకల దారి ఉంటుంది గాని, అక్టోబరుకే దాని మీద రెండు నిలువుల మంచు పడుతుంది. ఇక మిగిలింది నదే. జనవరి రెండో వారానికి యాంగ్‌చు గట్టిగా గడ్డకట్టి రోడ్డవుతుంది. అప్పుడు ఖరుమ్ మగవాళ్ళు యాభై మంది చెక్క బళ్ళు ఈడ్చుకుంటూ ఆ గడ్డ మీద నడిచి మా దగ్గరికొస్తారు. కిరసనాయిలు పీపాలు వాటి మీద కట్టుకుని లాక్కుపోతారు. ఆ రెండు రోజులూ టెర్మినల్లో పెళ్ళివారు దిగినంత సందడి. ఎర్రయ్య వాళ్ళకి పులిహోర వండిపెడతాడు.

గడ్డ మీద మొదటి అడుగు మాత్రం టుండుప్ ఇంటివాళ్ళే వెయ్యాలి. అది వాళ్ళ తాతల నాటి నుంచి వస్తున్న పని. పొడుగాటి కర్రతో గడ్డ మీద కొట్టి చెవి ఒగ్గుతారు. మోగితే నడవొచ్చు. మూలిగితే ఆగాలి.

ఒకప్పుడు ఖరుమ్‌కి మా కిరసనాయిలు అక్కర్లేదు. ఆడవాళ్ళు వేసవంతా పేడ పిడకలు చేసి, ముళ్ళకంపలు కొట్టి, చలికాలానికి దాచుకునేవారు. తొమ్మిదేళ్ళ కిందట నేనే అక్కడికి నడిచి వెళ్ళి, పొగతో ఎర్రబడ్డ ఆ కళ్ళు చూసి, జాలిపడి, పాత మట్టి పొయ్యిలు పగలగొట్టించి, ప్రతి ఇంటికీ కిరసనాయిలు పొయ్యి ఇప్పించాను. పైవాళ్ళు నాకు శాలువా కప్పారు. మూడేళ్ళు తిరిగేసరికి ఖరుమ్‌లో పిడక కొట్టడం తెలిసిన పిల్ల లేదు.

*

నా భార్య సువర్చల సూక్ష్మజీవుల శాస్త్రం చదివింది. ఇంత దూరం బదిలీ చేయించుకున్న మొగుణ్ణి కట్టుకున్న పాపానికి, మెస్సు వెనక ఒక ఇనప కంటెయినర్నే ప్రయోగశాలగా చేసుకుంది. ఆమె చదువుని ఈ చలికి ముడిపెట్టింది కిందటేడాది ఫిబ్రవరి.

డీజిలుకి ఒక జబ్బుంది. చలి ముదిరితే అందులో మైనం పేరుకుంటుంది, ధనుర్మాసంలో నెయ్యిలా. గొట్టాలు పూడుకుపోతాయి. ఆ ఫిబ్రవరిలో చలి నలభై మూడుకి దిగితే ఆస్పత్రి జనరేటరు ఆగిపోయింది. ఆక్సిజన్ మీద ఉన్న ఒకామెకి సువర్చల నాలుగు గంటలసేపు చేత్తో రబ్బరు బుడ్డి నొక్కుతూ ఊపిరి పోసింది. మేము వేడినీళ్ళతో గొట్టం కరిగించి జనరేటరు తిప్పేసరికి ఆమె పోయింది. సువర్చల ఆ తరవాత మూడు రోజులు అన్నం కలపలేకపోయింది, వేళ్ళు ముడుచుకోలేదు.

సెప్టెంబరులో ఒక రోజు నన్ను కంటెయినర్‌కి పిలిచింది. కిటికీ పక్కన, నలభై చలి పెట్టిన శీతల పెట్టెలోంచి రెండు సీసాలు తీసింది. ఒకదాన్ని బోర్లిస్తే డీజిలు కదల్లేదు. రెండోదాన్ని వంచితే గలగలా పారింది.

"పాలు పెరుగవాలంటే ఏం కావాలండీ?" అంది.

"తోడు."

"ఏదైనా గడ్డకట్టాలన్నా అంతే. ముందు చిన్న పలుకు ఒకటి పుట్టాలి. దాన్ని పట్టుకుని మిగతావి పేరుకుంటాయి. ఈ పారే సీసాలో నేను తయారుచేసిన క్రిమి ఉంది, అది ఒక జిగురు కారుస్తుంది. పలుకు పుట్టగానే ఆ జిగురు దాన్ని చుట్టేస్తుంది. తోడు లేదు, పెరుగూ లేదు."

"మరి ఎక్కడుంటుందిది?"

"ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి కదా, ఆ నీటికీ డీజిలుకీ మధ్య. డీజిలే దాని తిండి. అది అందకపోతే రెండు రోజుల్లో చస్తుంది." సీసా బల్ల మీద పెట్టి, "చస్తుందనే అనుకుంటున్నాను," అంది.

ఆ చివరి మాట నేను విన్నాను. విని, సీసా మళ్ళీ వంచి చూసుకున్నాను. ఆ పారడం చూస్తే నాకు అంత సంతోషంగా ఉంది.

అక్టోబరులో అయిదు డీజిలు ట్యాంకుల్లోనూ క్రిమిని కలిపాం. సువర్చల ఒక కాగితం మీద పది జాగ్రత్తలు రాసి నా చేతికిచ్చి, ఫలితాలు వివరించడానికి ఢిల్లీ వెళ్ళింది. ఏడో జాగ్రత్త ఇది: ట్యాంకు అడుగు నుంచి తీసిన నీటిని పీపాల్లో పట్టి, అరగంట మరిగించి, అప్పుడే కాలువలోకి వదలాలి.

నేను చదివాను. మా పద్ధతి వేరే. ఇరవై ఏళ్ళుగా ప్రతి పొద్దునా అడుగు కుళాయి తిప్పి, నీళ్ళు పోయి నూనె కనబడగానే కట్టేస్తాం. ఆ నీళ్ళు నూనె వడకట్టే తొట్టిలోంచి కాలువకి, కాలువలోంచి నదికి పోతాయి. రోజుకి నాలుగు పీపాల నీళ్ళు మరిగించడానికి ఎంత నూనె తగలెయ్యాలి? అయినా మనుషులే బతకలేని ఈ చలిలో పురుగేం బతుకుతుంది అనుకున్నాను. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను.

*

నవంబరు మధ్యలో ఎర్రయ్య ఒక డబ్బా పట్టుకుని నా గదికి వచ్చాడు.

"బాబూ, ఈ నీరు సూడండి. రాత్రంతా బయటుంచీసినాను. గడ్డ కట్టనేదు."

"ఏం నీళ్ళురా అవి?"

"టేంకు నీరే బాబూ. మెస్సు కుళాయి రోజూ బిగుసుకుపోతన్నాది కదా? ఇందులో ఒక చెంబుడు పైపులో పోసినాను. ఇంక సూడండి, గోదారి!"

వెళ్ళి చూశాను. నవంబరులో కుళాయి తిప్పితే నీళ్ళు రావడం నేనిక్కడికి వచ్చాక అదే మొదలు. నూనె వాసన కొంచెం ఉంది గాని గిన్నెలు కడుక్కోవడానికి ఏం ఇబ్బంది? వారం తిరక్కుండా అది లోయంతా పాకింది. ఆస్పత్రి ఆయా వచ్చింది, బడి పంతులు వచ్చాడు, రోడ్డు పనివాళ్ళు వచ్చారు. మెట్ల మీద చల్లుకుంటే జారదట. పైపులో పోస్తే పగలదట. అందరూ దాన్ని 'అమ్మగారి నీళ్ళు' అన్నారు. నేను గేటు దగ్గర నిలబడి, "పట్టుకుపొండి, పట్టుకుపొండి, ఊరికే పోయేవేగా," అని దానకర్ణుడిలా పంచిపెట్టాను.

సువర్చల డిసెంబరు పదిహేనున హెలికాప్టర్లో తిరిగొచ్చింది. ఇంట్లోకి వస్తూనే కుళాయి తిప్పి చెయ్యి కడుక్కుంది. కడుక్కుంటూ ఆగిపోయింది. వేళ్ళు వాసన చూసుకుంది.

"ఏమండీ, ఈ కుళాయి ఎలా వస్తోంది?"

చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఏడోది చదవలేదా?"

"చదివాను. ఈ చలికి చస్తుందిలే అనుకున్నాను."

"చలికి చావకుండా ఉండడానికేగా నేను దాన్ని తయారుచేసింది!" అంది. నా మీద ఆమె గొంతు పెంచడం అదే మొదలు.

ఆ రోజే కుళాయిలు కట్టించాం. పీపాలు పెట్టించాం. మరిగించడం మొదలుపెట్టాం. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

*

జనవరి మొదటి వారానికి ఒడ్డున గడ్డ దూరం దాకా రావాలి. రాలేదు. ఒడ్డున నాలుగు వేళ్ళ వెడల్పున, పాల మీద మీగడలా, పలచగా కట్టింది. వేలితో నొక్కితే చీలిపోతోంది. టుండుప్ రోజూ మట్టాలు కొలిచాక కర్ర పట్టుకుని నది దగ్గరికి వెళ్ళేవాడు.

"ఏటి టుండుప్, మోగుతన్నాదా?" అని అడిగేవాడు ఎర్రయ్య.

"కొట్టడానికే ఏటీ నేదు," అనేవాడు టుండుప్.

పన్నెండో తారీఖున చలి ముప్పై ఆరు. సువర్చలా నేనూ నది ఎగువకి నడిచాం. మా కాలువ నదిలో కలిసే చోటికి పైన యాంగ్‌చు తెల్లగా, రాయిలా, ఏనుగు నడిచినా పగలనంత గట్టిగా గడ్డకట్టి ఉంది. కాలువ కలిసిన చోట నుంచి కిందికి నల్లటి నీళ్ళు. ముగ్గుపిండితో గీత గీసినట్టు, పైనంతా తెలుపు, కిందంతా నలుపు. ఇక దానికి పరీక్షలెందుకు?

అయినా సువర్చల చేసింది. ఒడ్డున రాళ్ళ మీద పాచి గీకి తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అక్కడా అదే క్రిమి.

"డీజిలు లేకపోతే చస్తుందన్నావు," అన్నాను.

"పాచి తినడం నేర్చుకుంది," అంది. "నేను నేర్పలేదండీ. తనే నేర్చుకుంది."

"చంపే మార్గం?"

"మరిగించాలి."

నదిని ఎవరు మరిగిస్తారు? ఇద్దరం ఆ కంటెయినర్లో చెరో స్టూలు మీద కూర్చున్నాం.

టుండుప్‌కి సంగతి నేనే చెప్పాను. ఏడో జాగ్రత్త సంగతి కూడా దాచలేదు. అంతా విని, నాకేసి కాకుండా సువర్చలకేసి చూశాడు.

"అమ్మా, ఎప్పుడు కడతాది?"

"ఈ ఏడు కట్టదు టుండుప్," అంది సువర్చల.

"మరి వచ్చే ఏడు?"

ఆమె చేతి తొడుగులు తీసి మళ్ళీ తొడుక్కుంది. అతను తలూపి, కర్ర గోడకి ఆనించి, వెళ్ళిపోయాడు.

*

ఖరుమ్ బడిలో పిడి తిప్పితే నడిచే రేడియో ఒకటుంది. రోజూ సాయంత్రం అయిదింటికి అక్కడి నుంచి టుండుప్ భార్య యాంగ్డోల్ మాట్లాడుతుంది. వాళ్ళ దగ్గర జనవరి ఇరవై దాకా సరిపోయే కిరసనాయిలే ఉంది. ఏటా అంతే ఉంచుకుంటారు, తరవాత బళ్ళు వెళతాయి కాబట్టి.

జనవరి ఇరవై దాటాక హెలికాప్టరు ఖరుమ్‌లో ఒక్కసారి దిగింది. నాలుగు డబ్బాలు దింపి, జబ్బుగా ఉన్న ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకొచ్చింది. రెండోసారి లోయ గాలికి తిప్పుకుని వెనక్కి వచ్చేసింది. ఆ తరవాత మబ్బు కమ్మింది. పంతొమ్మిది రోజులు కొండలు కనబడలేదు.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నీళ్ళ మీద నూనె తేలుతుంది. ఈ ఉద్యోగంలో మొదటి రోజు నేర్చుకునే పాఠం. పీపాలకి గట్టిగా బిరడాలు కొట్టి నదిలో వదిలితే, పద్నాలుగు కిలోమీటర్ల దిగువన ఖరుమ్ వాళ్ళు మలుపులో తాళ్ళు కట్టి పట్టుకోలేరా? చెబితే టుండుప్ మొహం వెలిగింది. సువర్చల మాత్రం పెదవి కొరుక్కుంది.

"ఏంటి?" అన్నాను.

"ఏమీ లేదు. వదలండి," అంది.

పన్నెండు పీపాలు వదిలాం. నేనూ, టుండుప్, ఎర్రయ్య, మరో పదిమంది. నల్లటి నీళ్ళ మీద అవి గుండ్రంగా తిరుగుతూ మలుపు దాటిపోతుంటే ఎర్రయ్య దణ్ణం పెట్టాడు. గంగమ్మకి మొక్కుకున్నానన్నాడు.

సాయంత్రం అయిదింటికి అందరం రేడియో చుట్టూ చేరాం. యాంగ్డోల్ గొంతు వచ్చింది. టుండుప్ విని, తెలుగులో చెప్పాడు.

"ఒకటొచ్చినాది, సార్. ఒక్కటే. దానికీ చిల్లడి సగం నీరైపోనాది. మిగతా రాళ్ళకి కొట్టుకుని పగిలిపోనాయట. నదంతా వాసనేస్తన్నాదంటంది."

రెండు వేల రెండు వందల లీటర్లకి పైగా కిరసనాయిలు నదిలో కలిసింది. బయటికి వచ్చాక సువర్చల చెప్పింది. పగిలితే ఆ నూనె క్రిమికి విందు భోజనమని ఆమెకి తెలుసట. వచ్చే ఏటికి గడ్డకట్టే ఆశ ఏదైనా ఉంటే అదీ పోతుందని తెలుసట.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"టుండుప్ మొహం చూశారు కదా. వద్దనడానికి నాకు నోరు రాలేదండీ," అంది. ఆమెని తప్పుపట్టే అర్హత నాకెక్కడుంది?

ఆ తరవాత రోజూ అయిదింటికి మేము చేసే పని వినడమే. ఆ పూట ఖరుమ్‌లో ఏం కాల్చారో యాంగ్డోల్ చెప్పేది, టుండుప్ తిప్పి చెప్పేవాడు. ముందు ముళ్ళకంచెలు కాల్చారు. తరవాత నాగళ్ళు. అరవై ఒక్క గడపా నాలుగిళ్ళలోకి చేరింది. ఖాళీ చేసిన ఇళ్ళ తలుపులు కాల్చారు. మగ్గాలు కాల్చారు. జల్దారు పళ్ళ చెట్లు కొట్టారు. పచ్చి చెట్లు పొగే గాని మంటివ్వలేదు. బడి బల్లలు కాల్చారు. పిడకలు కొడదామంటే పశువుల పేడ పడీ పడగానే రాయైపోతోంది, ఎండబెట్టే ఎండ లేదు.

"మా యమ్మ అంటంది," అన్నాడు టుండుప్ ఒక సాయంత్రం, "మరిడి సారుకి సెప్పు, పాత పొయ్యిలు పగలగొట్టకుండా ఉంటే బాగుండేదని. కోపంతో కాదు సార్. నవ్వుతా అంటందట."

నాకు తొమ్మిదేళ్ళ నాటి ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించి చూపిస్తే, పొగ రాని మంట చూసి చప్పట్లు కొట్టింది. నాకు ఉప్పు వేసిన వెన్న టీ పోసింది. నేను తాగలేక తాగితే పడి పడి నవ్వింది.

ఢిల్లీకి రోజూ ఫోను చేశాను. హెలికాప్టరు గురించి అడిగితే వాతావరణం అన్నారు. నది గురించి చెబితే నివేదిక పంపమన్నారు. పంపాం. సువర్చల ముప్పై పేజీలు రాసింది, తన తప్పు మొదటి పేజీలోనే రాసుకుంది. దానికి జవాబుగా పెద్దాయన ఒకాయన ఫోను చేశాడు.

"డీజిలు సంగతి చెప్పండి మరిడేశ్వరరావు గారూ. గడ్డకట్టిందా?"

"లేదు సార్. కానీ నది..."

"ఆస్పత్రి జనరేటరు ఆగిందా?"

"ఒక్క నిమిషం కూడా ఆగలేదు సార్."

"శుభం," అన్నాడు. వచ్చే అక్టోబరుకి ఇంకో ఆరు టెర్మినళ్ళలో వాడదామనుకుంటున్నారట. మేము మళ్ళీ రాశాం. దానికి ఇప్పటిదాకా జవాబు లేదు.

*

ఫిబ్రవరి తొమ్మిదిన టుండుప్ పొద్దున్న మట్టాలకి ఆలస్యంగా వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మధ్యాహ్నం అతని గదికి వెళ్ళాను. తలుపు తీయగానే బయటికంటే లోపలే చలి ఎక్కువనిపించింది. పొయ్యి వెలగడం లేదు. పక్కనే కిరసనాయిలు డబ్బా, సీలు కూడా తీయకుండా, నిండుగా ఉంది. టుండుప్ మంచం మీద కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"పొయ్యి పాడైందా?"

"బాగానే ఉన్నాది సార్."

"మరి?"

"అక్కడ మంట నేనిది ఇక్కడెందుకు సార్?"

"చచ్చిపోతావురా!" అని అరిచాను. నా చేత్తోనే సీలు తీసి, నూనె పోసి, అగ్గిపుల్ల గీశాను. అతను అడ్డుపడలేదు. మంట వచ్చాక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎర్రయ్యని పిలిచి, రోజూ వచ్చి వెలిగించి వెళ్ళమని చెప్పాను. ఎర్రయ్య వెలిగించేవాడు. ఎర్రయ్య వెళ్ళగానే టుండుప్ ఆర్పేసేవాడు.

పదమూడో తారీఖు సాయంత్రం యాంగ్డోల్ ఎక్కువసేపు మాట్లాడలేదు. టుండుప్ చెవికి ఆనించుకున్న రేడియో గొట్టం కింద పెట్టాడు. సువర్చల నా చెయ్యి పట్టుకుంది.

"మా యమ్మ పోయినాది సార్," అన్నాడు. "పొద్దున్న లేపితే లెగనేదట."

ఎర్రయ్య గొల్లుమన్నాడు. టుండుప్ ఏడవలేదు. ఏదో లెక్క తేలనివాడిలా నుదురు ముడిచి కూర్చున్నాడు. కొంచెంసేపటికి నన్ను అడిగాడు.

"సార్, ఒక మనిషిని కాల్చడానికి ఎంత గావాల?"

వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళని దహనం చేస్తారు. కానీ ఖరుమ్‌లో కాల్చడానికి ఇక ఏమీ లేదు. ఉన్న నాలుగు దూలాలు తీస్తే బతికున్న పిల్లల మీద కప్పు కూలుతుంది. అందుకని ముసలమ్మని బట్టలో చుట్టి ఇంటి డాబా మీద పడుకోబెట్టారట. చలికి ఏమీ కాదు, ఎన్నాళ్ళైనా ఉంటుంది, దారి తెరుచుకునేదాకా అక్కడే ఉంచుతామని యాంగ్డోల్ చెప్పిందట.

"ఆ బట్ట మీద పోయడానికి... ఒక డబ్బా సాలదా సార్?" అన్నాడు టుండుప్. "ఒక్క డబ్బా. నేను కట్టుకుని ఈదుకుపోతాను."

సువర్చల లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను టుండుప్ భుజం పట్టుకున్నాను. ఆ నీళ్ళలో మనిషి నాలుగు నిమిషాలు కూడా ఉండలేడని నాకంటే అతనికే బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి నేను ఒక్కణ్ణే మట్టాలు కొలుద్దామని వెళ్ళాను. టుండుప్ అప్పటికే వచ్చి ఉన్నాడు. వద్దన్నాను. వినలేదు. చేతిలో టేపు, నడుముకి గుడ్డ, ఎప్పటిలాగే. ఒకటో ట్యాంకు ఎక్కాడు, దిగాడు. రెండోది ఎక్కాడు. నాలుగో ట్యాంకు దగ్గర అరిచాడు, "డీజిలు బాగున్నాది! పారతన్నాది!" చలి ముప్పై ఎనిమిది. పక్కన నది చప్పుడు వినబడుతూనే ఉంది.

ఆరో ట్యాంకు నలభై రెండు మెట్లూ నెమ్మదిగా ఎక్కాడు. మూత తీశాడు. గుండు వదిలాడు. అడుగుకి తగిలిన చప్పుడు కింద నాకు వినిపించింది. టేపు పైకి లాగి తడి అంచు చూసుకున్నాడు. మళ్ళీ ఒకసారి వదిలి, మళ్ళీ లాగి చూసుకున్నాడు. తగ్గి ఉంటుందని అనుకున్నాడో ఏమో.

నేను పెన్ను పట్టుకుని తల ఎత్తి నిలబడ్డాను.

"ఆరో టేంకు!" అని అరిచాడు. "ఏడు మీటర్ల నలభై!"

మెట్లు దిగి వచ్చి, ఈసారి అరవకుండా అన్నాడు.

"నిన్నటంతే ఉన్నాది సార్."

నేను రాసుకున్నాను.